డీటీఎం ఫైలు చేయి మారితే నేల ఎందుకు మారుతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఒకటి గమనించాను. రాసినవాళ్ళు వేరు, ఊళ్ళు వేరు, వాడే సాఫ్ట్‌వేర్లు వేరు, బాధ మాత్రం అందరిదీ ఒకటే, సర్వే వాళ్ళ దగ్గర బాగానే ఉన్న నేల మన స్క్రీన్ మీదకు వచ్చేసరికి పాడైపోతోంది అని. అందుకే ఈసారి పేజీలన్నీ డీటీఎం ఫార్మాట్లకే ఇచ్చేస్తున్నా. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట, డీటీఎం అంటే డిజిటల్ టెరైన్ మోడల్, రోడ్డు వేయబోయే నేల ఎత్తుపల్లాలను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చెప్పే మోడల్. సివిల్ త్రీడీ, ఓపెన్‌రోడ్స్, 12డీ అనేవి రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్లు, వాటిలో ఈ నేలనే సర్ఫేస్ అంటారు, ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ అనేది దాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసుకెళ్ళే టెక్స్ట్ ఫార్మాట్. ఇది తేడా వస్తే కటింగు, ఫిల్లింగు, కల్వర్టు లెవెలు, చివరికి కాంట్రాక్టరు బిల్లు దాకా అన్నీ తేడా వస్తాయి.

ప్రశ్న: సార్ నమస్తే. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో హైవే డిజైనర్‌గా చేస్తున్నా, మూడేళ్ళైంది. సర్వే టీం వాళ్ళు సివిల్ త్రీడీలో సర్ఫేస్ చేసి ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ పంపుతారు, మేం ఓపెన్‌రోడ్స్‌లోకి తెచ్చుకుంటాం. మొన్న చెరువు కట్ట మీద నుంచి రోడ్డు వెళ్ళే బిట్‌లో కట్ట పైభాగం రంపం పళ్ళలా వచ్చింది. వాళ్ళ స్క్రీన్ మీద కట్ట నున్నగా ఉంది. ఫిల్లింగ్ క్వాంటిటీ కూడా వాళ్ళకీ మాకూ కలవట్లేదు. లోపం ఫార్మాట్‌దా, మా సాఫ్ట్‌వేర్‌దా?

జవాబు: మీరు చెప్పిన లక్షణం చూస్తే ఫార్మాట్‌దీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు తమ్ముడూ, ఎక్స్‌పోర్ట్ చేసిన చోట ఒక సెట్టింగ్‌ది అనిపిస్తోంది. సివిల్ త్రీడీలో ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ సెట్టింగ్స్‌కి వెళ్తే సర్ఫేస్‌ని పాయింట్లూ ఫేసులూ కలిపి పంపాలా, ఒట్టి పాయింట్లే పంపాలా అని అడుగుతుంది. ఒట్టి పాయింట్లే వచ్చాయనుకోండి, ఏ పాయింటుని దేనితో కలపాలో మీ ఓపెన్‌రోడ్స్‌కి ఎవరు చెప్తారు, తనే లెక్కేసుకుని ట్రయాంగిల్స్ కట్టుకుంటుంది. ఆ కట్టే పద్ధతి పేరు డెలానే, రష్యా గణిత శాస్త్రవేత్త బోరిస్ డెలానే 1934లో రాసిన నియమం మీద నడుస్తుంది, ఏ ట్రయాంగిల్ మూడు మూలల మీదుగా వృత్తం గీసినా లోపల ఇంకో పాయింటు ఉండకూడదు అంతే. మామూలు పొలంలో ఇది చక్కగా పనిచేస్తుంది. కట్ట దగ్గరే మోసం చేస్తుంది.

ఎలాగో కాగితం మీద గీసి చూడండి. కట్ట ఎత్తు 3 మీటర్లు, పైన వెడల్పు 4 మీటర్లు, రెండు పక్కలా ఒకటికి రెండు వాలు, అంటే ఒక్కో పక్క 6 మీటర్లు, అడుగున మొత్తం 16 మీటర్లు. సర్వేయర్ పైన రెండు అంచుల మీదా 20 మీటర్లకో రీడింగ్ తీశాడు, కింద పాదాల దగ్గర కూడా 20 మీటర్లకో రీడింగే, కానీ కిందివి పైవాటికి సరిగ్గా ఎదురుగా పడలేదు, 10 మీటర్లు జరిగి పడ్డాయి. ప్రిజం పట్టుకున్న కుర్రాడు తుమ్మ చెట్లు లేని చోటు చూసుకునే కదా కిందికి దిగేది. ఇప్పుడు ఎడమ పాదం నుంచి కుడి పాదానికి 16 మీటర్లు. ఆ గీత వ్యాసంగా వృత్తం గీస్తే వ్యాసార్థం 8 మీటర్లు. కట్ట మీద దగ్గరున్న పాయింట్లు ఆ వృత్తం కేంద్రానికి 10 మీటర్లకు పైనే దూరం. అంటే వృత్తం ఖాళీ, గీత నియమం ప్రకారం సరైనదే! కంప్యూటర్ ఒక పాదం నుంచి అవతలి పాదానికి కట్టను అడ్డంగా కోసేస్తూ నేల లెవెల్లో గీత గీసేస్తుంది. ప్రతి 20 మీటర్లకీ ఒక గండి. మీకు కనిపించిన రంపం పళ్ళు అవే.

క్వాంటిటీ కూడా ఇక్కడే పోతుంది. అసలు కట్ట అడ్డకోత 30 చదరపు మీటర్లు, 100 మీటర్ల పొడవుకి 3000 క్యూబిక్ మీటర్లు. గండ్లు పడిన మోడల్‌లో అదే కట్ట 1800 క్యూబిక్ మీటర్లే వస్తుంది, నేను లెక్కేసి చూశాను. మిగతా 1200 క్యూబిక్ మీటర్లు మీ రోడ్డు ఫిల్లింగ్‌లో లేని మట్టిగా కలిసిపోతుంది, వంద మీటర్లకే ఇంత.

దీన్ని ఆపేది బ్రేక్‌లైన్. కట్ట అంచు, పాదం, రోడ్డు అంచు, వాగు గట్టు, సైడ్ డ్రెయిన్ అడుగు, ఇలా నేల వాలు మారే ప్రతి గీతా బ్రేక్‌లైనే, దాన్ని దాటి ట్రయాంగిల్ వెళ్ళకూడదు అని సర్వేయర్ పెట్టే గీత అది. ఫార్మాట్లను పోల్చేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే, ఈ గీత అవతలి చేతికి చేరుతుందా లేదా? ఫైలు సైజు, ఓపెన్ అయ్యే స్పీడు తర్వాత సంగతి.

ల్యాండ్‌ఎక్స్ఎంఎల్‌లో సర్ఫేస్‌కి రెండు గదులు ఉంటాయి. ఒకటి సోర్స్ డేటా, అందులో బ్రేక్‌లైన్లు, బౌండరీలు, కాంటూర్లు, పాయింట్లు పెట్టుకోవచ్చు. రెండోది డెఫినిషన్, అందులో తయారైపోయిన పాయింట్ల లిస్టూ, ఏ మూడు పాయింట్లు కలిస్తే ఒక ఫేసు అనే లిస్టూ ఉంటాయి. మొదటి గది ఖాళీగా ఉన్నా ఫైలు చెల్లుబాటే, అసలు చిక్కంతా అక్కడే వస్తోంది. ఫేసులు వస్తే కట్ట కనిపించడం బాగానే కనిపిస్తుంది, కానీ మీరు ఆ సర్ఫేస్‌లో ఒక కొత్త పాయింటు కలిపి మళ్ళీ ట్రయాంగిల్స్ కట్టించారంటే బ్రేక్‌లైన్ లేదు కాబట్టి గండి మళ్ళీ పడుతుంది, ఈసారి తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఎవరికీ తెలీదు.

కాబట్టి సర్వే టీంని మూడు అడగండి. పాయింట్లూ ఫేసులూ ఉన్న ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ ఒకటి, బ్రేక్‌లైన్లన్నీ త్రీడీ పాలీలైన్లుగా ఒక లేయర్‌లో, బౌండరీ ఇంకో లేయర్‌లో ఉన్న డ్రాయింగ్ ఒకటి, నంబరు, నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), లెవెలు, కోడ్ వరుసలో పాయింట్ల టెక్స్ట్ ఫైలు ఒకటి. మీ వైపు తెచ్చుకున్నాక కట్ట మీద, వాగులో, పాత రోడ్డు అంచున కలిపి ఒక పది చోట్ల లెవెలు వాళ్ళ సర్ఫేస్‌తో పోల్చి చూడండి, పాయింటు పడిన చోట కాదు, రెండు పాయింట్ల మధ్యలో. పాయింటు మీద ఎప్పుడూ కలుస్తుంది, తేడా బయటపడేది మధ్యలోనే.

ఇంకోటి, ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ మీ దగ్గర్నుంచి సివిల్ త్రీడీకి వెనక్కి వెళ్తే, అక్కడ సర్ఫేస్ ఆ ఎక్స్ఎంఎల్ ఫైలు ఉన్న పాత్‌ని గుర్తుపెట్టుకుంటుంది. సర్ఫేస్‌ని డ్రాయింగ్ లోపలే దాచే స్నాప్‌షాట్ తీయకుండా ఫైలు వేరే ఫోల్డర్‌లోకి మార్చి రీబిల్డ్ కొడితే సర్ఫేస్ మాయమవుతుంది. ఇంపోర్ట్ అవగానే స్నాప్‌షాట్ తీసేయమనండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ సివిల్ ఫైనలియర్. ప్రాజెక్ట్ కోసం ఘాట్ రోడ్డు అలైన్‌మెంట్ చేద్దామనుకుంటున్నాం. టిన్, గ్రిడ్, డెమ్ అని రకరకాలుగా చెప్తున్నారు, అవన్నీ ఒకటేనా? భువన్‌లో ఫ్రీగా దొరికే డెమ్ మీద డిజైన్ చేయొచ్చా?

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న. డీటీఎం అనే మాట పుట్టిందే రోడ్ల కోసం, అమెరికాలో ఎంఐటీలో చార్లెస్ మిల్లర్, లాఫ్లామ్ అనే ఇద్దరు 1958లో ఈ మాట వాడుకలోకి తెచ్చారు. హైవే డిజైన్‌లో ఎయిర్ ఫొటోల నుంచి లెవెల్స్ తీసి కంప్యూటర్‌కి ఇచ్చి మట్టిపని లెక్క త్వరగా తేల్చాలని వాళ్ళ ప్రయత్నం.

గ్రిడ్ అంటే చదరంగం బల్లలా సమానమైన గడులు, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు. డెమ్ అని డౌన్‌లోడ్ చేసుకునేది సాధారణంగా ఇదే, జియోటిఫ్‌గానో, టెక్స్ట్‌లో ఉండే ఆస్కీ గ్రిడ్‌గానో వస్తుంది. టిన్ అంటే ఎక్కడ అవసరమైతే అక్కడ పాయింట్లు పెట్టి ట్రయాంగిల్స్‌తో కప్పిన నేల. గ్రిడ్‌లో గట్టు గడికి మధ్యలో పడితే పోయినట్టే, టిన్‌లో గట్టు గట్టులాగే ఉంటుంది. రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్లన్నీ టిన్ మీద నడవడానికి కారణం ఇదే. రోడ్డు సన్నగా పొడవుగా ఉంటుంది కాబట్టి గ్రిడ్ దండగ కూడా. 10 కిలోమీటర్ల రోడ్డు ఈశాన్యం వైపు ఏటవాలుగా వెళ్తోందనుకో, దాని చుట్టూ చతురస్రం గీస్తే ఒక్కో పక్క 7 కిలోమీటర్లు దాటుతుంది, మీటరు గ్రిడ్ పెడితే 5 కోట్ల గడులు. నీకు కావాల్సింది మధ్యలో 200 మీటర్ల పట్టీ, అంటే 20 లక్షల గడులే, మిగతావన్నీ ఖాళీ. ఆ ఖాళీ గడుల్లో సాధారణంగా మైనస్ 9999 అని రాసి ఉంటుంది. అది ఖాళీ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే రోడ్డు పక్కన పది కిలోమీటర్ల లోతు గొయ్యి వస్తుంది, మొదటిసారి చూసినవాళ్ళు కంగారు పడతారు.

ఇక ఫ్రీ డెమ్. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ళ ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భువన్ వెబ్‌సైట్‌లో కార్టోడెమ్ దొరుకుతుంది, 2005 మే 5న శ్రీహరికోట నుంచి పంపిన కార్టోశాట్-1 తీసిన స్టీరియో చిత్రాల నుంచి చేసింది, ఫ్రీగా ఇచ్చేది సుమారు 30 మీటర్ల గ్రిడ్. ఎస్ఆర్‌టీఎం అనేది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో తీసిన కొలత, దానికి పెట్టుకున్న ఎత్తు కచ్చితత్వమే 16 మీటర్లు. నాలుగు లేన్ల జాతీయ రహదారికి సేకరించే స్థలం వెడల్పు 60 మీటర్లు, అంటే రెండు గడులు! పైగా ఈ రెండూ చెట్ల తలలనీ ఇళ్ళ కప్పులనీ కూడా నేల అనుకుంటాయి, ఘాట్‌లో అడవి మీద చేస్తే ఏమవుతుందో ఆలోచించు. కొండ ఏ వైపు నుంచి ఎక్కాలి, రెండు మూడు అలైన్‌మెంట్లలో ఏది మేలు, వాగు పరీవాహకం ఎంత అనేవాటికి హాయిగా వాడుకో. క్వాంటిటీ మాత్రం దాని మీద చెప్పకు. ప్రాజెక్ట్ రిపోర్టులో ఈ పరిమితి నువ్వే స్పష్టంగా రాయి, వైవాలో అడిగేది అదే.

ప్రశ్న: నమస్తే అండి, బ్రిస్బేన్‌లో ఉంటున్నాను. మా దగ్గర అంతా 12డీ మోడల్, హైదరాబాద్ ఆఫీసులో సివిల్ త్రీడీ. సూపర్ టిన్‌ని ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ చేసి పంపితే వాళ్ళు ఏవేవో అతివ్యాప్తులు వస్తున్నాయంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సూపర్ టిన్ అనేది 12డీ లోపలి ఏర్పాటండీ, చాలా టిన్‌లని ఒక వరుసలో పేర్చి ఒకటే టిన్ అన్నట్టు చూపిస్తుంది, సర్వే టిన్, పాత రోడ్డు టిన్, కొత్త జంక్షన్ టిన్ అలా. ల్యాండ్‌ఎక్స్ఎంఎల్‌కి ఆ పేర్చడం అనే సంగతి తెలీదు, దానికి సర్ఫేస్ అంటే ఒక్కటే. అందుకని టిన్‌లని విడివిడిగా పంపి, ఏది కింద ఏది పైన అనేది ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి పంపండి, సివిల్ త్రీడీలో వాళ్ళు అదే వరుసలో ఒక సర్ఫేస్ మీద ఇంకోటి పేస్ట్ చేసుకుంటారు. కాస్త పనే, కానీ గందరగోళం ఉండదు.

మీ ఉత్తరం చూసి నాకు ఎంఎక్స్ రోజులు గుర్తొచ్చాయి. 12డీ లాగే అదీ స్ట్రింగుల మీద బతికిన సాఫ్ట్‌వేర్. దాని పాత పేరు మాస్, మోడలింగ్ సిస్టమ్‌కి పొట్టి పేరు, బ్రిటన్‌లో కౌంటీ కౌన్సిళ్ళ ఇంజనీర్లు 1970ల్లో పెంచి పెద్దచేశారు. అక్కడ నేల అంటే ట్రయాంగిల్స్ కాదు, గీతలు. ప్రతి గీతకీ నాలుగక్షరాల పేరు. రోడ్డు అంచు ఒక స్ట్రింగు, డ్రెయిన్ అడుగు ఒక స్ట్రింగు, కట్ట పాదం ఒక స్ట్రింగు. ట్రయాంగిల్స్ కావాలంటే ఆ గీతల నుంచి కట్టుకోవచ్చు, మళ్ళీ చెరిపేసి కట్టుకోవచ్చు, గీత మాత్రం చెరగదు. జెనియో అనే టెక్స్ట్ ఫైల్లో ఆ స్ట్రింగులన్నీ పేర్లతో సహా బయటికి వచ్చేవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేల గురించి ఆలోచించడానికి అదే సరైన దారి అని నా నమ్మకం, ఎందుకంటే సర్వేయర్ పొలంలో నడిచేది గీతల వెంటే.

మీ 12డీఏ ఫైలు కూడా అదే జాతి, టెక్స్ట్‌లో ఉంటుంది, స్ట్రింగు పేరు, పాయింట్లు, అది లైన్‌గా బ్రేక్ అవ్వాలా పాయింటుగానే ఉండాలా అనే గుర్తు అన్నీ అందులో ఉంటాయి. సివిల్ త్రీడీ నేరుగా చదవకపోతే ఆ స్ట్రింగులనే త్రీడీ పాలీలైన్లుగా డీడబ్ల్యూజీ డ్రాయింగ్‌లో ఇవ్వండి, స్ట్రింగు పేరే లేయర్ పేరుగా ఉండేలా చూసుకోండి. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకి బ్రిస్బేన్ రోడ్డు కెర్బు ఎక్కడుందో ఆ లేయర్ పేరే చెప్పాలి కదా.

ప్రశ్న: సర్వేయర్‌ని, కర్నూలు. హైవే పనిలో మేం ఇచ్చిన డేటా సగం ఒకచోట, సగం ఇంకెక్కడో 640 కిలోమీటర్ల దూరంలో పడిందని డిజైన్ వాళ్ళు గొడవ. లెవెల్స్ కూడా కొన్ని 80 మీటర్లకు పైగా తేడా. మా ఇన్‌స్ట్రుమెంట్లు బాగానే ఉన్నాయి సార్.

జవాబు: ఇన్‌స్ట్రుమెంట్ల తప్పు కాదు సర్వేయర్ గారూ, మీ ఊరి తప్పు కూడా కాదు, 78 డిగ్రీల రేఖ మీ పక్కనుంచే వెళ్తోంది. యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే గ్రిడ్, అందులో 72 నుంచి 78 దాకా జోన్ 43, 78 నుంచి 84 దాకా జోన్ 44. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు దాటాక డోన్ వైపు వెళ్ళేసరికి జోన్ 43లోకి వెళ్ళిపోతుంది. ఆ రేఖ మీదున్న ఒకే పాయింటుకి జోన్ 43లో ఈస్టింగ్ సుమారు 8 లక్షల 21 వేలు, జోన్ 44లో సుమారు 1 లక్షా 78 వేలు. తేడా చూశారుగా, అదే మీ 640 కిలోమీటర్లు. ప్రాజెక్టు మొత్తానికి ఒకే జోన్ అని మొదటి రోజే రాసుకుని ఆఖరి రోజు దాకా దాన్నే వాడాలి, రెండు జోన్లలో తీసి తర్వాత కలుపుకుందాం అనుకోవద్దు.

ఇంకో చిక్కుంది, ఇది చాలామంది పట్టించుకోరు. జోన్ అంచున యూటీఎం దూరం నేల మీద దూరం కంటే పెద్దదిగా వస్తుంది, మీ దగ్గర కిలోమీటరుకి 80 సెంటీమీటర్లకు పైగా. 50 కిలోమీటర్ల రోడ్డుకి 40 మీటర్లు! టోటల్ స్టేషన్‌తో నేల దూరాలు తీసి జీపీఎస్ పాయింట్లతో కలిపితే ఎక్కడో అతుకు పడదు. ఏ డీటీఎం ఫార్మాటూ దీన్ని మనకి సరిచేసి పెట్టదు, స్కేల్ ఫ్యాక్టర్ ఎంత వాడారు, గ్రిడ్ దూరమా నేల దూరమా అనేది మీరే రాసి ఇవ్వాలి.

లెవెల్స్ తేడాకి కారణం జీపీఎస్ ఎత్తు. జీపీఎస్ పచ్చిగా ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమికి బదులు లెక్క కోసం పెట్టుకున్న నున్నటి ఆకారం నుంచి ఎత్తు, మనకి కావాల్సింది సముద్రమట్టం నుంచి ఎత్తు. మన తెలుగు నేల మీద ఈ రెండింటికీ 60 మీటర్లకు పైగా తేడా, దక్షిణానికి పోయేకొద్దీ 80 కూడా దాటుతుంది, కోనసీమలో పచ్చి జీపీఎస్ ఎత్తు చూస్తే ఊరంతా మైనస్‌లో ఉంటుంది. ఒక బేస్ దగ్గర బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) విలువ ఇచ్చి, ఇంకో బేస్ దగ్గర ఇవ్వడం మర్చిపోతే మీరు చెప్పినట్టే సగం డేటా కిందికి దిగిపోతుంది. ల్యాండ్‌ఎక్స్ఎంఎల్‌లో కోఆర్డినేట్ సిస్టమ్ రాసే చోటు ఉంది, చాలా ఫైళ్ళలో అది ఖాళీగానే వస్తోంది. దయచేసి నింపండి.

ఫైలు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరవకుండానే చేసే ఒక పరీక్ష చెప్తాను. ల్యాండ్‌ఎక్స్ఎంఎల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో పాయింటు మూడు అంకెలుగా ఉంటుంది, 1925340.215 231478.602 536.480 ఇలా. మొదటిది నార్తింగ్, రెండోది ఈస్టింగ్, మూడోది లెవెలు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా యూటీఎం నార్తింగ్‌కి చుక్క ముందు ఏడు అంకెలు, ఈస్టింగ్‌కి ఆరు. తారుమారుగా కనిపిస్తే ఎక్కడో ఎక్స్ వై మారిపోయాయి, నేల అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది, కుడి మలుపు ఎడమ మలుపవుతుంది. పది సెకన్ల పని.

ప్రశ్న: డీఎక్స్ఎఫ్ డ్రాయింగ్ ఫైల్లో త్రీడీ ఫేసులు ఇస్తే సరిపోదా? ఎవరికైనా ఓపెన్ అవుతుంది కదా.

జవాబు: ఓపెన్ అవుతుంది, అంతవరకే. ప్రతి ట్రయాంగిల్‌కీ మూడు మూలలూ మళ్ళీ మళ్ళీ రాస్తుంది కాబట్టి ఫైలు ఉబ్బిపోతుంది, ఏ గీత బ్రేక్‌లైనో ఏ గీత మామూలుదో చెప్పదు. బొమ్మ చూపించడానికి, పాత సాఫ్ట్‌వేర్‌తో అవసరం పడినప్పుడు పనికొస్తుంది. దాని మీద క్వాంటిటీ బిల్లు చేయాల్సొస్తే ముందు బ్రేక్‌లైన్లు అడగండి.

ప్రశ్న: సార్, డ్రోన్ సర్వే వాళ్ళు కోట్ల పాయింట్లున్న లాస్ ఫైలు ఇచ్చారు, సర్ఫేస్ చేస్తే సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది. పాయింట్లు ఎంత తగ్గిస్తే మంచిది? (నిజామాబాద్ నుంచి ఒక డిజైన్ ఇంజనీర్)

జవాబు: హ్యాంగ్ కాక ఏమవుతుంది! చదరపు మీటరుకి 100 పాయింట్లు, 200 మీటర్ల పట్టీ అంటే కిలోమీటరుకి 2 కోట్ల పాయింట్లు, టిన్‌లో ట్రయాంగిల్స్ పాయింట్లకి దాదాపు రెట్టింపు ఉంటాయి, అంటే 4 కోట్లు. రోడ్డుకి అన్ని అక్కర్లేదు. కానీ గుడ్డిగా పదింట ఒకటి ఉంచి మిగతావి తీసేస్తే గట్టు మొన తెగిపోతుంది. ముందు క్లాసులు చూడండి, లాస్‌లో ప్రతి పాయింటుకీ ఒక క్లాసు నంబరు ఉంటుంది, 2 అంటే నేల, 5 అంటే ఎత్తైన చెట్లు, 6 అంటే బిల్డింగ్. 2 మాత్రమే ఉంచండి. అన్నీ 0 గానో 1 గానో ఉన్నాయంటే క్లాసిఫికేషన్ చేయకుండానే ఇచ్చారన్నమాట, వెనక్కి పంపండి. తర్వాత గట్టు అంచులూ రోడ్డు అంచులూ బ్రేక్‌లైన్లుగా గీయించుకుని, మిగతా నేల మీద పాయింట్లు ధైర్యంగా పలచన చేయండి.

ఒక సంగతి మాత్రం ఫీల్డుకెళ్ళి చూసుకోవాలి. మీది నిజామాబాద్ అంటున్నారు, ఫ్లయింగ్ ఏ నెలలో జరిగిందో కనుక్కోండి. వరి మోకాలెత్తు ఉన్నప్పుడు డ్రోన్ ఫొటోలు తీస్తే అది చూసేది పైరు తలని, మడిని కాదు, పైరు ఒత్తుగా సమానంగా ఉంటుంది కాబట్టి ఫిల్టర్‌కి కూడా అదే నేల అనిపిస్తుంది. 30 మీటర్ల వెడల్పు ఫిల్లింగ్‌లో 10 సెంటీమీటర్లు తప్పితేనే కిలోమీటరుకి 3000 క్యూబిక్ మీటర్లు, మోకాలెత్తు తప్పితే మీరే లెక్కేసుకోండి. పొలాల్లో అక్కడక్కడా టోటల్ స్టేషన్‌తోనో ఆర్‌టీకే జీపీఎస్‌తోనో చెక్ లెవెల్స్ తీయించకుండా ఆ సర్ఫేస్ మీద సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: మేం అమెరికా ప్రాజెక్టులు చేస్తాం, హైదరాబాద్ నుంచే. ఫైలు ఫీట్‌లోనే ఉంది, మాదీ ఫీట్‌లోనే ఉంది, అయినా 4 అడుగులు పక్కకి పడుతోంది.

జవాబు: అడుగుల్లో రెండు రకాలున్నాయి, ఇంటర్నేషనల్ ఫుట్, యూఎస్ సర్వే ఫుట్. తేడా పది లక్షల్లో రెండు వంతులే, కానీ కోఆర్డినేట్ 20 లక్షల అడుగులుంటే తేడా సరిగ్గా 4 అడుగులు. ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ పైభాగంలో యూనిట్స్ దగ్గర ఏ అడుగో రాసి ఉంటుంది, మీ డ్రాయింగ్ సెట్టింగ్‌ని దానికి సరిపెట్టండి. సర్వే ఫుట్‌ని 2022 చివరతో అక్కడ అధికారికంగా పక్కనపెట్టారు, కానీ పాత ప్రాజెక్టులన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి ఇంకా చాలా ఏళ్ళు ఎదురవుతూనే ఉంటుంది.

ప్రశ్న: కాంట్రాక్టర్ వైపు పనిచేస్తున్నా. గ్రేడర్‌కి మెషిన్ కంట్రోల్ పెట్టాం, డిజైన్ సర్ఫేస్ ఇస్తే కర్వులో బ్లేడు అంచు తప్పుతోంది.

జవాబు: ట్రింబుల్ మెషిన్లకి టీటీఎం ఫైలు, టాప్‌కాన్ మెషిన్లకి టీఎన్3 ఫైలు, ఏదైనా లోపలుండేది ట్రయాంగిల్సే, గుండ్రటి మలుపు వాటికి తెలీదు, ముక్కలు ముక్కలుగా తిన్నటి గీతలే. 100 మీటర్ల రేడియస్ కర్వులో 20 మీటర్లకో సెక్షన్ పెట్టి సర్ఫేస్ చేస్తే మధ్యలో గీత అసలు వంపుకి అర మీటరు లోపలికి పోతుంది. 5 మీటర్లకో సెక్షన్ పెడితే 3 సెంటీమీటర్లే. డిజైనర్ని అడిగి కర్వుల్లో దగ్గర దగ్గర సెక్షన్లతో మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయించండి, వీలైతే అలైన్‌మెంట్ కూడా విడిగా ఇప్పించుకోండి.

ప్రశ్న: పని పూర్తయ్యాక డీటీఎం ఏ ఫార్మాట్‌లో దాచాలి? ఐఎఫ్‌సీ వచ్చింది కదా, ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ వదిలేయొచ్చా? (రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న ఒక డీఈఈ)

జవాబు: డీఈఈ గారూ, ఇంత దూరం ఆలోచించి అడిగినందుకు సంతోషం, చాలామంది ఆఖరి బిల్లు పాసవగానే ఫోల్డర్ మర్చిపోతారు. ఐఎఫ్‌సీ అంటే నిర్మాణాల మోడళ్ళు ఒకరికొకరు ఇచ్చుకునే ఓపెన్ ఫార్మాట్, దాని 4.3లో రోడ్లూ అలైన్‌మెంట్లూ వచ్చాయి, 2024లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది, ట్రయాంగిల్స్ నేలకి అందులో చోటుంది. ల్యాండ్‌ఎక్స్ఎంఎల్ 1.2 వచ్చింది 2008లో, తర్వాతి వెర్షన్ వాడుకలోకి రాలేదు, అయినా ఈరోజుకీ రోడ్డు సాఫ్ట్‌వేర్లన్నీ మాట్లాడుకునేది దాంతోనే. రెండూ ఉంచండి, ఏదీ వదలొద్దు. డీడబ్ల్యూజీ ఒక్కటే దాచి నిశ్చింతగా ఉండొద్దు, కొత్త వెర్షన్ సివిల్ త్రీడీ సర్ఫేస్ పాత వెర్షన్‌లో ఒట్టి ప్రాక్సీ బొమ్మగా మిగులుతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట చేసిన ఒక రోడ్డుని వెడల్పు చేయాల్సొచ్చి పాత డేటా సీడీ తెప్పించుకున్నాం. అందులో మూడు రకాల డీటీఎం ఫైళ్ళున్నాయి, ఒకదానికి లైసెన్స్ లేదు, ఒకటి సగంలో కరప్ట్ అయింది, మూడోది తెరుచుకుంది కానీ ఒట్టి ట్రయాంగిల్స్, ఏది పాత రోడ్డు అంచో ఏది డ్రెయినో తెలీదు. అదే సీడీలో అడుగున ఒక టెక్స్ట్ ఫైలు ఉంది, అప్పటి సర్వేయర్ పెట్టింది, ప్రతి వరుసలో నంబరు, నార్తింగ్, ఈస్టింగ్, లెవెలు, చివర్లో కోడ్. మొదటి వరుసలోనే ఏ జోన్, ఏ బెంచ్‌మార్క్, దాని విలువ ఎంత, కల్వర్టు హెడ్‌వాల్ మీద ఏ మూలన పెయింట్ గుర్తు వేశారు అనేది తెలుగులో ఇంగ్లీషు అక్షరాలతో రాసి పెట్టాడు. రెండు రోజుల్లో కోడ్ చూసుకుంటూ బ్రేక్‌లైన్లన్నీ మళ్ళీ గీసుకున్నాం. సైటుకెళ్ళి ఆ హెడ్‌వాల్ దగ్గర ముళ్ళకంప తీసి చూస్తే, ఎర్ర పెయింట్ గుర్తు వెలిసిపోయి కొంచెంగా కనిపించింది, స్టాఫ్ దాని మీదే పెట్టాం.